జీపు రెండంగుళాలు లేచింది

పాత బండిని ఎత్తు చేయించటమనే మాట వినగానే, పొట్టివాడికి ఎత్తుమడమల జోళ్ళు తొడగటం లాంటిదని చాలామంది అనుకొంటారు. జోడు మారితే నడక కూడా మారుతుందన్న సంగతి నాలుగడుగులు వేసిన తరువాతగాని తెలియదు. జీపు విషయమూ అంతే. దాని కమాన్ల దగ్గర ఒక అంగుళం కదిలిస్తే, స్టీరింగు దగ్గర ఒకటీ, బ్రేకు పైపుల దగ్గర ఒకటీ, గేరుపెట్టె వెనక మరొకటీ కదులుతాయి. ఈ మధ్య మా మామగారి జీపు నిమిత్తం విజయవాడ ఆటోనగర్‌లో ఒక కమాన్ల షెడ్డులో మూడురోజులు ఇనుపస్టూలు మీద కూర్చోవలసి వచ్చింది. అక్కడ చూచిందీ, విన్నదీ, అడిగి తెలుసుకొన్నదీ వ్రాస్తున్నాను. ఇంట్లో ముసలి జీపు వున్నవారికి పనికివస్తుంది. లేనివారికి కాలక్షేపం.

జీపంటే ఇప్పటి పిల్లలకు సినిమాలో వస్తువు. పెద్దవాళ్ళకు అలా కాదు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం ఆరంభమైన తరువాత, బి.డి.ఓ. గారి జీపు వచ్చిందంటే ఊళ్ళో పిల్లలందరూ దాని దుమ్ములో పరుగెత్తేవారట. మా మామగారూ అలా పరుగెత్తినవారిలో ఒకరు. ఆ దుమ్ము వాసన వదలకనే కాబోలు, ఉద్యోగంలో స్థిరపడగానే ఆయన సొంతానికి ఒక జీపు కొన్నారు. 1968 నాటి మహీంద్రా సి.జె. 3బి. ముందు బానెట్టు మిగతా పాత జీపులకంటె ఎత్తుగా, పెద్దమనిషి నుదురులాగా వుంటుంది. అందుకో కారణం వున్నది. అమెరికాలో విల్లీస్ కంపెనీవారు 1953లో ఈ రకానికి కొత్త ఇంజను పెట్టారు. గాలీ పెట్రోలూ లోపలికి వెళ్ళే వాల్వులు పక్కనుంచి తలమీదికి ఎక్కేసరికి ఇంజను పొడుగైంది. పొడుగైన ఇంజను పాత బానెట్టు కింద ఇమడలేదు, బానెట్టు ఎత్తారు. అంటే ఈ జీపు పుట్టుకలోనే ఒకసారి ఎత్తయిందన్నమాట.

ఇప్పుడు రెండోసారి ఎత్తవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, నూజివీడు అవతల వారికొక మామిడితోట వున్నది. తారురోడ్డు వదిలిన తరువాత రెండుమైళ్ళు బండ్లబాట. మధ్యలో ఒక వాగు. వాగులో నీళ్ళు లేనినాడు రాళ్ళు, రాళ్ళు మునిగిననాడు నీళ్ళు. గట్టు దిగేటప్పుడూ, ఎక్కేటప్పుడూ బండి కింద ఏదో రాచుకొని కీచుమంటుంది. కాయ కోతకు వచ్చే రోజుల్లో ఆ బండిలో వెనక రెండు బల్లలమీద మా అత్తగారు, నా భార్య, పిల్లలు, అన్నం క్యారియర్లు, ఒక్కొక్కప్పుడు తోటకాపరి కుటుంబం కూడా వుంటారు. ఆ కీచు శబ్దం వినిపించినప్పుడల్లా మా అత్తగారు ఆంజనేయస్వామిని తలుచుకొంటారు.

మా బావమరిది హైదరాబాదులో వుద్యోగం చేస్తున్నాడు. వాడికి జీపుల పిచ్చి. "బావగారూ, అయిదంగుళాలు లేపేద్దాం. కమాన్లు ఇరుసు కిందనుంచి తీసి పైన పెట్టించి, పెద్ద టైర్లు వేయిద్దాం. వాగేమిటి, కొల్లేరైనా దాటుతుంది" అన్నాడు. మా మామగారు డెబ్భై దాటినవారు. ఆయన ఒక్కటే మాట అన్నారు. "లేపితే నేనెక్కలేను. లేపకపోతే తోటకు వెళ్ళలేను. మీరిద్దరూ ఆలోచించండి." ఆలోచించటమంటే ఆ ఇంట్లో బండి నాకు అప్పగించటమని అర్థం.

కమాను అన్న మాట దగ్గర నేను కాస్త ఆగక తప్పదు, తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కనుక. పారసీలో కమాన్ అంటే విల్లు. విల్లులా వంగిన కట్టడాన్నీ అదే మాటతో పిలిచారు. చార్మినారు పక్కనున్న చార్ కమాన్ అలా వచ్చిందే. గుర్రబ్బగ్గీల కింద వంచి అమర్చిన ఉక్కుపట్టీలకూ అదే పేరు. నిఘంటువు తెరవనక్కరలేకుండా మన మేస్త్రీలు ఆ మాటను బతికించుకొంటున్నారు. విల్లుకు ఒక్కటే బద్ద. జీపు కమానుకు పెద్దదానికింద చిన్నది, దానికింద మరీ చిన్నది చొప్పున పట్టీల కట్ట. మా బండి వెనక కట్టకు తొమ్మిది పట్టీలు. అన్నిటికంటె పొడుగైన పై పట్టీ రెండు కొసలూ చుట్టగా చుట్టి వుంటాయి. వాటిని కన్నులంటారు. ఒక కన్ను ఛాసిస్‌కు స్థిరంగా తగులుకొని వుంటుంది. రెండోది షాకిలు అనే చిన్న ఊయలకు వేలాడుతుంది. బండి గుంటలో పడి కమాను చదునైనప్పుడు దాని పొడవు పెరుగుతుంది గదా, ఆ పెరిగిన పొడవుకు చోటిచ్చేది ఈ ఊయలే.

షెడ్డులో మేస్త్రీకి అరవై ఏళ్ళుంటాయి. మా బావమరిది ఫోనులో చెప్పమన్నదంతా నేను అప్పజెప్పాను. ఆయన వినీ విననట్టుగా విని, ఒక గోనెపట్టా పరుచుకొని బండి కిందికి వెళ్ళాడు. పది నిమిషాలైనా బయటికి రాలేదు.

"మాస్టారూ, మీరూ ఒకసారి రండి" అని కిందనుంచి పిలిచాడు.

వెళ్ళాను. ఆయన టార్చిలైటు వేసి గీతలు చూపించాడు. వెనక ఇరుసు నడుమ గుమ్మడికాయంత ఉబ్బు వుంటుంది, డిఫరెన్షియల్. దానిమీద నాలుగు పాత గీతలు తప్ప ఏమీ లేవు. బండి నడిమధ్య, గేరుపెట్టె కింద కాపుగా వున్న ఇనుపరేకు మాత్రం వెండిపళ్ళెంలా మెరుస్తున్నది. పొగగొట్టం ఒకచోట నొక్కుకుపోయింది.

"ఎక్కడ తగులుతున్నదో బండే చెపుతుంది మాస్టారూ. ఇరుసు తగిలేటట్టయితే కమాను ఎత్తి లాభం లేదు. మీకు తగిలేది నడుము. నడుముకైతే కమాను మందే."

ఈ రెండు వాక్యాలలోనే అసలు శాస్త్రమంతా వున్నది. కమాన్లు ఇరుసుమీద ఆధారపడి పైనున్న బండిని మోస్తాయి. ఇరుసు చక్రాలతోపాటు నేలను అంటిపెట్టుకొని వుంటుంది. కమానుకు ఎంత వంపు పెట్టినా లేచేది ఛాసిస్, ఇంజను, తొట్టి, అందులో కూర్చున్న మనుషులు. డిఫరెన్షియల్ మాత్రం నేలకు వున్న దూరంలోనే వుంటుంది. అది లేవాలంటే పెద్ద టైర్లు ఒక్కటే మార్గం. మా బండికి వున్నవి 6.00-16 టైర్లు, ఎత్తు సుమారు 28 అంగుళాలు. 7.00-16 వేస్తే ఎత్తు 30 అంగుళాల పైచిలుకు అవుతుంది. అందులో సగం, అంటే అంగుళం చిల్లర, ఇరుసుకు దక్కుతుంది. కాని పెద్ద చక్రాన్ని ఆపటానికి పెద్ద బ్రేకు కావాలి. ఈ జీపుకున్నవి నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములు. చిన్న టైర్లతోనే అవి తీరిగ్గా ఆలోచించి ఆగుతాయి. పైగా టైరు పెరిగితే స్పీడు చూపే ముల్లు అసలు వేగంకంటె తక్కువ చెపుతుంది. టైర్ల ప్రసక్తి మేమక్కడే వదిలేశాము.

అయిదంగుళాల సంగతి కూడా ఆ బండి కిందనే తేలిపోయింది. ఈ రకం జీపులో కమాను ఇరుసు అడుగున వుంటుంది. దాన్ని ఇరుసు పైకి మారిస్తే, ఇరుసు గొట్టం లావూ, కట్ట మందమూ కలిసి బండి ఒక్కసారిగా నాలుగైదంగుళాలు లేస్తుంది. చూడటానికి దర్జాగా వుంటుంది. కాని ఎడమ కుడి చక్రాల మధ్య దూరం నాలుగడుగులు మాత్రమే. ఆ నాలుగడుగుల పీటమీద బరువును అయిదంగుళాలు పైకి నెట్టి, వెనక బల్లలమీద ఆరుగురిని కూర్చోబెట్టి, పక్కవాటంగా వాగుగట్టు ఎక్కటమంటే ఎవరికైనా ఆంజనేయస్వామి గుర్తుకు రావలసిందే. కొండలెక్కే పోటీలకోసం అలా చేయించుకొనేవారు స్టీరింగు కడ్డీలనుంచి బ్రేకులదాకా అన్నీ మార్పించుకొంటారు. సంసారం మోసే బండికి అది తగదని నా అభిప్రాయం. మా బావమరిదికి అదే చెప్పాను. వాడు రెండురోజులు ఫోను చేయలేదు.

ఇక మిగిలినవి చిన్న ఎత్తులు. ఒక మార్గం షాకిలు పొడుగు చేయటం. దీన్ని గురించి ఒక భ్రమ వున్నది. రెండంగుళాల పొడుగు షాకిలు వేస్తే బండి రెండంగుళాలు లేస్తుందనుకొంటారు. లేవదు. కమానుకు ఒక కొసే షాకిలుకు వున్నది, రెండో కొస ఛాసిస్‌కు స్థిరంగా వున్నది. ఒక కొస దగ్గర రెండంగుళాల తేడా వస్తే నడుమనున్న ఇరుసు దగ్గర వచ్చేది అంగుళమే. పైగా ఈ జీపులో ముందు కమానుకు షాకిలు ముందుకొసన వుంటుంది. అక్కడ పొడుగు చేస్తే కమాను ముందుకు వాలి, దానితో ఇరుసూ ముందుకు తిరుగుతుంది. అలా తిరగటం స్టీరింగుకు మంచిది కాదు. ఆ మాటకే వస్తున్నాను. రెండో మార్గం అదనంగా ఒక పట్టీ వేయటం. బండి లేస్తుంది, కాని బిగుసుకుపోతుంది. తొమ్మిది పట్టీల కట్టకు పదోది చేరిస్తే బిగువు సుమారు తొమ్మిదోవంతు పెరుగుతుంది. అదే మందమైన పట్టీ వేశామా, మరీ చెప్పనక్కరలేదు. పట్టీ మందం రెట్టింపయితే దాని బిగువు ఎనిమిదిరెట్లు. మా అత్తగారి నడుము ఆ లెక్క ఒప్పుకోదు. మూడోది, వున్న పట్టీలనే విప్పి వంపు ఎక్కించటం. మేస్త్రీ దానికే మొగ్గాడు.

ముందు కొలిచాడు. ఇరుసు గొట్టం పైభాగంనుంచి ఛాసిస్ అడుగుదాకా నాలుగు మూలలా టేపు పెట్టి, సుద్దముక్కతో అంకెలు టైర్లమీదే వ్రాసుకొన్నాడు. తరువాత కమాను కట్ట దింపి, గోడకు వేలాడుతున్న ఒక పాత మాదిరి పట్టీ తీసి, గచ్చుమీద దాని వంపు గీశాడు. మా పట్టీని ఆ గీతమీద పెడితే నడుమ జాగా మిగిలింది. అర్ధశతాబ్దం మోసిన బరువుకు వెనక కమాన్లు అంగుళంపావు దిగజారాయి. ముందు డ్రైవరు వైపు అంగుళంన్నర, ఎడమవైపు అంగుళం. మా మామగారు సన్నటి మనిషే. అయినా యాభై ఏళ్ళకు పైగా ఒకే పక్కన కూర్చుంటే ఉక్కు గుర్తుపెట్టుకొన్నది.

"రెండంగుళాలు చాలు మాస్టారూ. అందులో అంగుళంపావు మీదే, బండి పోగొట్టుకొంది. నేను కొత్తగా ఇచ్చేది ముప్పావే."

నాకీ లెక్క మహా నచ్చింది. పాత బండి ఎత్తు తక్కువైందని మనం అనుకొనేదానిలో పెద్ద వాటా అసలు ఎత్తు తిరిగి తెచ్చుకొంటేనే తీరిపోతుంది. దీనివల్ల ఇంకొక లాభమూ వున్నది. కుర్రాళ్ళు తెప్పించే ఎత్తు కిట్లలో ఏం వస్తున్నదో నాకు తెలియదుగాని, ఇక్కడ ఒక్క కొత్త రంధ్రం తొలవలేదు, ఒక్క బ్రాకెట్టు కోయలేదు. రేపు ఎవరైనా వెనక్కు మార్చాలంటే మార్చవచ్చు.

కట్ట విప్పటం చూడవలసిన పని. నడుమనున్న సెంటర్ బోల్టు ఊరికే విప్పితే, అణగివున్న పట్టీలు ఎగిరి మీదపడతాయి. అందుకని ముందు కట్టను గట్టిగా పట్టుకొనే బిగింపులో పెట్టి, బోల్టు తీసి, ఆ తరువాత మెల్లగా వదులుతారు. పట్టీలు విడివిడిగా తుడిచి చూస్తే అయిదోదానికి సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుకంత బీట. పట్టీలు విరిగితే ఎక్కువగా విరిగేది అక్కడే. రంధ్రం పడిన మేర ఉక్కు తగ్గుతుంది, భారం మాత్రం తగ్గదు. ఆ బీట ఎన్నాళ్ళనుంచి వున్నదో. దానిమీదనే మేము పిల్లలతో వాగు దాటుతున్నాము. ఎత్తు మాట ఎలా వున్నా, ఆ ఒక్క పట్టీ కోసమైనా కమాన్లు దింపటం మంచిదైంది. ఈ రకం పట్టీ వెడల్పు అంగుళం ముప్పావు. అదే వెడల్పు, అదే మందం గల ఉక్కు కోసి కొత్తది చేశాడు.

వంపు ఎక్కించటంలో రెండు పద్ధతులున్నాయి. చల్లగా వున్న పట్టీని దాగలిమీద పెట్టి సమ్మెటతో వరసగా కొట్టుకుంటూ పోవటం ఒకటి. చవక, గంటలో అయిపోతుంది. అలా ఎక్కించిన వంపు ఎక్కువకాలం నిలవదు. రెండోది కొలిమిలో బాగా ఎర్రబడేదాకా కాచి, గీతకు సరిగా వంచి, నూనెలో ముంచి, మళ్ళీ తక్కువ వేడిమీద పదును దింపటం. నూనెలో ముంచి వదిలేస్తే ఉక్కు గాజులా పెళుసవుతుంది. మళ్ళీ కాచేటప్పుడు వేడి మించితే మెత్తబడుతుంది. మా కమ్మరులు కొడవళ్ళకు చేసే పనే, కాకపోతే కొడవలి విరిగితే వేలు తెగుతుంది, ఇది విరిగితే బండి బోల్తాపడుతుంది. మేస్త్రీ ఆ కాపుడు పని తన షెడ్డులో చేయడు. వేడి కొలిచే పరికరాలున్న మరొకచోటికి పంపించాడు. రెండోరోజంతా అందుకే పట్టింది.

తిరిగి వచ్చిన పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు వాటి మధ్య సన్నటి వెలుగుచారలు కనిపించాయి. పని సరిగా కాలేదేమో అనిపించింది. అడిగాను. అలా వుండాలట. కిందిపట్టీకి పైదానికంటె ఒక పిసరు ఎక్కువ వంపు పెడతారు. బోల్టు బిగించగానే అన్నీ అతుక్కొని, అన్నిటికంటె ఎక్కువ కష్టపడే పై పట్టీ భారాన్ని చిన్నవి ముందే పంచుకొంటాయి. ఉమ్మడి కుటుంబంలో ఈ ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

బిగించే దగ్గర ఒక కుర్రవాడు షాకిలుతో కుస్తీపడుతున్నాడు. ఈ జీపు షాకిళ్ళు యూ ఆకారంలో వుండి, మరలున్న బుష్షులతో బిగుస్తాయి. వాటిలో కొన్నిటికి మరలు ఎడమచేతివాటం. కుర్రవాడు అలవాటు చొప్పున కుడికి తిప్పుతున్నాడు. మేస్త్రీ ఏమీ అనకుండా, షాకిలుమీద గుర్తుగా వున్న చిన్న బొడిపెను వేలితో తట్టి వెళ్ళిపోయాడు.

స్టీరింగు మాటకు వస్తానన్నాను. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా వుండదు, కాస్త వెనక్కు వాలి వుంటుంది. చేతులు వదిలినా చక్రం దారి తప్పకపోవటానికి ఆ వాలు ఒక కారణం. జీపు ముందు చక్రాలకూ అటువంటి వాలే వున్నది, కంపెనీ లెక్క 3 డిగ్రీలు. బండి వెనకభాగాన్ని ముందుకంటె ఒక అంగుళం ఎక్కువ ఎత్తితే, 80 అంగుళాల పొడవుమీద బండి దాదాపు ముప్పావు డిగ్రీ ముందుకు వాలి, ఆ మేరకు ఈ వాలు తరిగిపోతుంది. మరీ తరిగితే స్టీరింగు మలుపు తిరిగిన తరువాత తనంతట తాను మధ్యకు రాదు. వేగంలో ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు వణుకుతాయి. మా బండి బిగించి కొలిస్తే ఒకటిన్నర డిగ్రీలే వున్నది. ఇరుసుకూ కమానుకూ నడుమ సన్నటి ఉక్కు చీలలు, మందపుకొస ముందుకు వుండేలా దూర్చి, వాలు తిరిగి మూడుకు తెచ్చాడు. ఇరుసును అలా తిప్పితే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కొద్దిగా చెడుతుంది. అందుచేత ఎన్ని డిగ్రీలు కావాలో అన్నే ఇవ్వాలిగాని, మంచిది కదా అని ఎక్కువ ఇవ్వకూడదు.

మిగతావి గబగబా అయిపోయాయి. షాకబ్సార్బర్లు పొడుగువి వేశారు. పాతవి వుంచితే చక్రం గుంటలోకి జారినప్పుడు కమాను బదులు అవే బండిని పట్టుకొని వేలాడతాయి. ఆ తరువాత ఛాసిస్‌ను ఎత్తి చక్రాలను గాలిలో పూర్తిగా వేలాడనిచ్చి, బ్రేకు గొట్టాలు పట్టి చూశాడు. నేలమీద వదులుగా కనిపించిన గొట్టం అక్కడ తీగెలా బిగుసుకుపోయింది. వాగులో ఒక చక్రం రాయిమీదా, ఒకటి గుంటలోనూ వున్నప్పుడు అది తెగితే బ్రేకు మొత్తం పోతుంది. పొడుగైనవి వేయించాము. షాఫ్టు జారుడుకొస ఇంకా ఎంత లోపల వున్నదీ, క్రాసులు ఎక్కడైనా పట్టేస్తున్నాయా అన్నదీ అదే నిలుపులో చూశాడు. ఎత్తు చేయించేవారు ఏ షెడ్డుకు వెళ్ళినా సరే, ఈ పరీక్ష ఎదురుగా నిలబడి చేయించుకోవటం మంచిది. మొత్తం ఖర్చు 21,000 రూపాయల చిల్లర.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టంచేసింది. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి గనుక, ఇనస్పెక్టరు ముందు బండి నిలబడక తప్పదు. బావమరిది చెప్పిన మార్పులతో నిలబెడితే ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. అరిగిన కమానును అసలు వంపుకు తేవటం మరమ్మతు. ఆ పైన ఎంత ఎత్తినా, ముప్పావు అంగుళమైనా సరే, ముందుగా రవాణా ఆఫీసులోనూ, భీమా వారితోనూ మాట్లాడుకోవటం క్షేమం. 2021లో వచ్చిన వింటేజి నిబంధనలు మరొకటి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండ్లను ఆ కింద నమోదు చేయించుకోవచ్చు. కాని అలా నమోదైన బండి ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలుకూ వంటి పనులకే రోడ్డెక్కాలి. రోజువారీ తిరుగుడు కుదరదు. "తోటకు పోనివ్వని గౌరవం నాకెందుకు?" అన్నారు మా మామగారు.

మూడోరోజు సాయంత్రం ఆయనే వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగారు. దర్జా ఏమీ పెరగలేదు. తెలియనివాడికి తేడా కనిపించదు. ఆయన పాదం మెట్టుమీద పెట్టి, కడ్డీ పట్టుకొని, ఒక క్షణం ఆగి, ఎక్కారు. ఏమీ అనలేదు. స్టార్టు చేశారు.

ఆ ఆదివారం తోటకు వెళ్ళాము. దిగేటప్పుడు వాగుగట్టు దగ్గర ఎవరూ మాట్లాడలేదు. రాళ్ళమీద బండి అటూ ఇటూ వూగింది, ఎక్కేటప్పుడు ఒకచోట వెనక కొక్కెం మాత్రం మట్టిని తాకింది. నడుము తగలలేదు. మా అత్తగారు అలవాటు ప్రకారం దణ్ణం పెట్టి, శబ్దం రాకపోయేసరికి, "దాటామా?" అని అడిగారు. ఆవిడకోసం ఒక ముక్కాలిపీట బండిలోనే పెట్టాము. దిగటానికీ ఎక్కటానికీ అదే ఆధారం.

కొత్త కట్టలు కాస్త సర్దుకొని కుదురుకొంటాయనీ, నూరు కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలనీ మేస్త్రీ చెప్పాడు. మీటరు ఇప్పటికి తొంభైరెండు చూపుతున్నది. రేపు ఆటోనగర్‌కు బండి నేను తీసుకువెళ్ళనక్కరలేదట, ఆయనే తోలుకొని వెళతారట.